ఇరాక్ చమురు ఎవరికి దక్కింది?

పశ్చిమాసియాలో ఎక్కడ బాంబు పడ్డా మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: అంతా చమురు కోసమే. టీకొట్టు దగ్గర, టీవీ చర్చల్లో, పత్రికల సంపాదక పేజీల్లో ఇదే మాట. 2003 మార్చి 20న అమెరికా ఇరాక్ మీద దండెత్తినప్పుడు ప్రపంచ నగరాల్లో లక్షలాది మంది ఇదే నినాదంతో వీధుల్లోకి వచ్చారు. ఆ యుద్ధాన్ని వ్యతిరేకించిన వాళ్లు న్యాయం వైపు నిలబడ్డారు, అందులో అనుమానం లేదు. కానీ వాళ్లు చెప్పిన కారణం తర్వాతి ఇరవై ఏళ్ల లెక్కలకు నిలవదు. అంతటితో ఆగితే పెద్ద నష్టం లేకపోయేది. ఆ కారణాన్నే పట్టుకుని వేలాడటం వల్ల యుద్ధం చేసినవాళ్లు జవాబు చెప్పకుండా తప్పించుకుంటున్నారు.

ముందుగా అవతలి వాదన బలాన్ని ఒప్పుకోవాలి. ఇరాక్ వ్యవహారానికీ చమురుకూ సంబంధమే లేదని అమెరికా రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ 2002 నవంబరులో చెబితే ఎవరూ నమ్మలేదు. ఉపాధ్యక్షుడు డిక్ చెనీ అంతకుముందు హాలిబర్టన్ అనే చమురు సేవల కంపెనీకి అధిపతి. ఆయన నడిపిన ఇంధన విధాన బృందం దగ్గర 2001 మార్చి నాటికే ఇరాక్ చమురు క్షేత్రాల పటాలు, అక్కడ కాంట్రాక్టుల కోసం ఎదురుచూస్తున్న విదేశీ కంపెనీల జాబితా ఉన్నాయి. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్ పడిపోయినప్పుడు చమురు మంత్రిత్వ శాఖ భవనానికి అమెరికా సైనికులు కాపలా కాశారు. అదే సమయంలో జాతీయ మ్యూజియం నుంచి సుమారు 15,000 పురావస్తువులు దోపిడీకి గురయ్యాయి. అమెరికా రిజర్వు బ్యాంకును ఏళ్ల తరబడి నడిపిన అలన్ గ్రీన్‌స్పాన్ 2007లో తన పుస్తకంలో ఈ యుద్ధం చాలావరకు చమురు గురించేనని రాశారు. ఇన్ని ఉండగా ఇంకా సందేహమేమిటని అడిగేవాళ్లను తప్పుపట్టలేం.

సందేహం ఎక్కడంటే, ఈ వాదనలో రెండు వేర్వేరు మాటలు ఒకటిగా కలిసిపోయాయి. చమురు లేకపోతే అమెరికా ఆ ప్రాంతాన్ని ఇంతగా పట్టించుకునేది కాదన్నది మొదటిది. అది నిజం. చమురును కొల్లగొట్టి లాభపడటానికే అమెరికా యుద్ధం చేసిందన్నది రెండోది. ఈ రెండో మాటే జనం నోట్లో నానుతోంది, తప్పు కూడా ఇందులోనే ఉంది.

కొల్లగొట్టడానికే అయితే ముందుగా ఒక చిన్న విషయానికి సమాధానం కావాలి. సద్దాం హుస్సేన్ అధికారంలో ఉండగానే ఇరాక్ చమురు అమెరికాకు చేరుతోంది. ఐక్యరాజ్యసమితి నడిపిన ‘ఆహారానికి చమురు’ పథకం కింద, దళారీ వ్యాపారుల ద్వారా, 2001లో అమెరికా రోజుకు దాదాపు 8 లక్షల బ్యారెళ్ల ఇరాక్ ముడి చమురు దిగుమతి చేసుకుంది. యుద్ధం తర్వాత ఏ ఏడాదీ ఆ సగటు అందుకోలేదు. 2010 నాటికి అది సగానికి దగ్గరగా పడిపోయింది. శత్రువని పేరు పెట్టిన పాలకుడి దగ్గర కొన్నంత చమురు కూడా, సైన్యం దించి ప్రభుత్వాన్ని మార్చిన తర్వాత కొనలేదు.

కాంట్రాక్టుల సంగతి ఇంకా స్పష్టం. 2009 జూన్ 30న అమెరికా సైన్యం ఇరాక్ నగరాల నుంచి వైదొలగింది. అదే రోజు బాగ్దాద్‌లో చమురు మంత్రి హుస్సేన్ షహ్రిస్తానీ చమురు, గ్యాస్ క్షేత్రాల వేలం నిర్వహించారు. దాన్ని టీవీలో ప్రత్యక్షంగా చూపించారు. ప్రపంచంలోని పెద్ద కంపెనీలన్నీ వచ్చాయి. దేశంలోకెల్లా పెద్ద క్షేత్రం రుమైలా. అక్కడ ఉత్పత్తి పెంచినందుకు, అదనంగా తీసిన ప్రతి బ్యారెల్‌కు ఎంత తీసుకుంటారన్నది ప్రశ్న. అమెరికా కంపెనీ ఎక్సాన్‌మొబిల్ బృందం 4.80 డాలర్లు అడిగింది. బ్రిటన్‌కు చెందిన బీపీ, చైనా ప్రభుత్వ కంపెనీ సీఎన్‌పీసీ కలిసి 3.99 అడిగాయి. మంత్రిత్వ శాఖ చెప్పిన రేటు 2 డాలర్లు, అంతకు మించి పైసా ఇవ్వమంది. ఎక్సాన్ తప్పుకుంది. బీపీ, చైనా ఒప్పుకున్నాయి. మిగతా క్షేత్రాల విషయంలో ఆ రేట్లకు కంపెనీలు తల అడ్డంగా ఊపడంతో, ఆ రోజు తేలింది ఈ ఒక్క ఒప్పందమే. అప్పుడు ప్రపంచ మార్కెట్లో బ్యారెల్ ధర 70 డాలర్ల దరిదాపుల్లో ఉంది. ఆ 70లో కంపెనీల చేతికి వచ్చేది రెండే, దాని మీద మళ్లీ పన్ను. నేలలోని చమురు మీద వాటికి ఏ హక్కూ లేదు, కూలికి తవ్విపెట్టడమే.

డిసెంబరులో రెండో విడత జరిగింది. పశ్చిమ ఖుర్నా-2 క్షేత్రం 1.15 డాలర్లకు రష్యా కంపెనీ లుక్‌ఆయిల్, నార్వే కంపెనీ స్టాటాయిల్‌లకు దక్కింది. ఈ క్షేత్రానికి ఒక చరిత్ర ఉంది. 1997లో సద్దాం ప్రభుత్వం దాన్ని లుక్‌ఆయిల్‌కే రాసిచ్చి, 2002 చివర్లో రద్దు చేసింది. అంటే అమెరికా ఖర్చుతో సద్దాం పోయాక, సద్దాం ఇచ్చి లాక్కున్న క్షేత్రం రష్యా కంపెనీ చేతికి తిరిగి వచ్చింది. మలేసియా కంపెనీ పెట్రోనాస్‌కు, ఫ్రాన్స్ కంపెనీ టోటల్‌కు, చివరికి అంగోలా ప్రభుత్వ కంపెనీకి కూడా వాటాలు దొరికాయి. పశ్చిమ ఖుర్నా-1 సంపాదించిన ఎక్సాన్ చివరికి బయటపడింది. 2024 జనవరి నుంచి అక్కడ ప్రధాన కాంట్రాక్టరు పెట్రోచైనా. విదేశీ కంపెనీలకు మరింత చోటిచ్చేలా 2007లో తయారైన చమురు చట్టం ముసాయిదా కోసం వాషింగ్టన్ ఎంత ఒత్తిడి తెచ్చినా ఇరాక్ పార్లమెంటు దాన్ని ఆమోదించలేదు. ఈనాడు ఇరాక్ చమురులో పెద్ద భాగం చైనాకూ భారత్‌కూ వెళ్తోంది. 2017-18 నుంచి కొన్నేళ్లపాటు మన దేశానికి అందరికంటే ఎక్కువ ముడి చమురు అమ్మింది ఇరాకే. 2022 తర్వాత ఆ స్థానం రష్యాకు వెళ్లింది. యుద్ధంలో ఒక్క సైనికుణ్నీ పంపని దేశాలు డబ్బు కట్టి, రసీదు తీసుకుని, ఆ చమురు తెచ్చుకుంటున్నాయి.

ఇక ఖర్చు. 2011 వరకు ఇరాక్ కోసం అమెరికా కాంగ్రెస్ మంజూరు చేసిన సొమ్ము సుమారు 80,000 కోట్ల డాలర్లు. గాయపడిన సైనికులకు ఆ తర్వాత అందించాల్సిన వైద్యం, పింఛన్లు, అప్పుల మీద వడ్డీ ఇందులో లేవు. అవన్నీ కలిపి లెక్కకట్టిన ఆర్థికవేత్త జోసెఫ్ స్టిగ్లిట్జ్, లిండా బిల్మ్స్ 2008లోనే మొత్తం 3 లక్షల కోట్ల డాలర్లకు చేరుతుందన్నారు. వాళ్ల అంకె ఎక్కువనిపిస్తే చిన్న అంకెనే తీసుకుందాం. రోజుకు 5 లక్షల బ్యారెళ్లు, బ్యారెల్ 60 డాలర్ల చొప్పున కొంటే ఏడాదికి అయ్యేది దాదాపు 1,100 కోట్ల డాలర్లు. ఆ యుద్ధానికి పెట్టిన సొమ్ముతో అదే చమురును 70 ఏళ్లకు పైగా బజారు ధరకే కొనుక్కోవచ్చు. దోపిడీ చేయదలచినవాడు దోచే సరుకు విలువకు ఇన్ని రెట్లు ఖర్చు పెట్టడు.

చమురు చౌకగా దొరికిందా అంటే అదీ లేదు. 2003లో 30 డాలర్ల చుట్టూ తిరిగిన బ్యారెల్ 2008 జులైలో 147 తాకింది. దీనికి చైనా గిరాకీ లాంటి కారణాలు చాలా ఉన్నాయి, కానీ ఇరాక్ ఉత్పత్తి ఏళ్ల తరబడి యుద్ధం ముందటి స్థాయికి రాకపోవడం కూడా ఒక కారణమే. ధర పెరగడం చమురు కంపెనీలకు లాభమే కదా, అందుకే చేయించారని ఇక్కడ కొందరు వాదన మారుస్తారు. 2008లో ఎక్సాన్‌కు 4,500 కోట్ల డాలర్ల లాభం వచ్చిన మాట వాస్తవం. కానీ లాభం పొందినవాడే చేయించాడనడానికి ఆధారం కావాలి. 1990లలో ఈ కంపెనీలు ఏం కోరుకున్నాయో బహిరంగంగానే ఉంది: ఆంక్షలు ఎత్తెయ్యమని, ఒప్పందాలు చేసుకోనివ్వమని అవి అడిగాయి. 1995లో ఇరాన్ సముద్ర క్షేత్రాల్లో 100 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్న అమెరికా కంపెనీ కొనొకోను అధ్యక్షుడు క్లింటన్ ఆపేశారు. కొన్ని నెలల్లోనే అది ఫ్రాన్స్ కంపెనీకి వెళ్లింది. హాలిబర్టన్ అధిపతిగా ఉన్న రోజుల్లో చెనీ కూడా ఆంక్షలను విమర్శించిన మనిషే. చమురు వ్యాపారికి కావాల్సింది పాలకుడెవరైనా సంతకం చేసే ప్రశాంతత.

చమురు కోసం నిజంగానే దండెత్తినవాళ్లు చరిత్రలో లేరా? ఉన్నారు. వాళ్లకు ఏమైందో చూస్తే ఈ వాదన ఇంకా బలహీనపడుతుంది. 1941లో అమెరికా చమురు అమ్మకం ఆపేస్తే జపాన్ 1942 ఫిబ్రవరిలో డచ్చివాళ్ల ఏలుబడిలో ఉన్న సుమత్రాలోని పాలెంబాంగ్ క్షేత్రాలను పట్టుకుంది. ఆ బావుల్ని బాగుచేయడానికి నిపుణులను ఎక్కించుకుని బయలుదేరిన తైయో మారు నౌకను అదే ఏడాది మే నెలలో అమెరికా జలాంతర్గామి ముంచేసింది. సుమారు 800 మంది చనిపోయారు. తర్వాత చమురు తీసినా, దాన్ని ఇంటికి మోసే ట్యాంకర్లు ఒక్కొక్కటే మునిగిపోయాయి. 1945కల్లా జపాన్‌కు చేరే చమురు దాదాపు సున్నా. హిట్లర్ సైన్యం 1942 ఆగస్టులో కాకసస్‌లోని మైకోప్ చేరేసరికి సోవియట్ సిబ్బంది బావుల్ని పనికిరాకుండా చేసి వెళ్లిపోయారు. బొలీవియా, పరాగ్వే 1932 నుంచి 1935 వరకు చాకో ప్రాంతం కోసం కొట్టుకుని లక్ష మందిని పోగొట్టుకున్నాయి. ఆ నేల కింద చమురుందని నమ్మినవాళ్లు చాలామంది. ఆ యుద్ధ కాలంలో అక్కడ చమురే దొరకలేదు.

అందరికంటే స్పష్టమైన ఉదాహరణ సద్దాం. ఇరాన్‌తో ఎనిమిదేళ్లు యుద్ధం చేసి అప్పుల్లో కూరుకుపోయిన ఆయన, అప్పు మాఫీ చేయని, చమురు అధికంగా తీసి ధర పడగొడుతున్న కువైట్‌ను 1990 ఆగస్టు 2న ఆక్రమించాడు. ఇది సూటిగా చమురు దోపిడీయే. ఆ చమురు ఒక్క బ్యారెల్ అమ్ముకోలేకపోయాడు. ఐక్యరాజ్యసమితి వారం తిరగకుండానే ఆంక్షలు పెట్టింది. కొనేవాడు లేడు, మోసే ఓడ లేదు. పారిపోతూ ఆయన సైన్యం 600కు పైగా బావులకు నిప్పుపెట్టింది. ఆఖరి మంట ఆరింది 1991 నవంబరులో. ఆ తర్వాత ఇరాక్ తన చమురు ఆదాయంలోంచి కోత పెట్టించుకుని బాధితులకు 5,240 కోట్ల డాలర్లు చెల్లించింది. చివరి వాయిదా ముగిసింది 2022లో. సద్దాం ఉరికంబం ఎక్కి అప్పటికి పదిహేనేళ్లు దాటింది. కువైట్ ఆక్రమణ నాటికి పుట్టని ఇరాకీలు ఆ జరిమానా కట్టారు.

ఆక్రమించిన భూమిలో వరి పండించుకోవచ్చు గానీ చమురు విషయం వేరు. బావికి పంపు కావాలి, పంపుకు కరెంటు, గొట్టపు మార్గం, నిల్వ ట్యాంకులు, ఓడరేవు, బీమా ఇచ్చే కంపెనీ, కొనడానికి సిద్ధపడే రిఫైనరీ కావాలి. ఈ గొలుసులో ఎక్కడ ఒక్క లంకె తెగినా సరుకు నేలలోనే ఉండిపోతుంది. గొట్టపు మార్గాన్ని పేల్చడానికి రాత్రిపూట ఇద్దరు చాలు. 2003 తర్వాత కిర్కుక్ నుంచి టర్కీకి వెళ్లే మార్గం ఎన్నిసార్లు పేలిందో, ఎన్ని నెలలు మూతపడిందో దాన్ని నడిపే ఇంజినీర్లకే తెలుసు. లిబియాలో 2011కు ముందు రోజుకు 16 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి ఉండేది. నాటో బాంబు దాడులు, అంతర్యుద్ధం కలిసి కొన్ని నెలల్లో దాన్ని దాదాపు సున్నాకు తెచ్చాయి.

1953 సంగతేమిటని చదువరులు అడగవచ్చు. అడగాల్సిందే. ఇరాన్ ప్రధాని మొసద్దిక్ 1951లో బ్రిటిష్ కంపెనీ చేతిలోని చమురును జాతీయం చేశారు. రెండేళ్లకు అమెరికా, బ్రిటన్ గూఢచారులు కుట్ర చేసి ఆయన్ను దించేశారు. 1954లో కుదిరిన కొత్త ఒప్పందంలో అమెరికా కంపెనీలకు 40 శాతం వాటా వచ్చింది. ఇది చమురు దోపిడీ అంటే కాదనలేం. కానీ అందులో అమెరికా సైన్యం దిగలేదు. దేశం విడిచి వెళ్లిన రాజును తిరిగి కూర్చోబెట్టి, ఆయన చేత సంతకం చేయించుకున్నారు. 1979లో ఆ రాజు పారిపోయాక పోయింది చమురు ఒక్కటే కాదు, ఆ దేశంతో స్నేహం కూడా. నాటి నుంచి నేటి వరకు అక్కడి ప్రతి ఘర్షణలోనూ 1953 జ్ఞాపకం ఉంది.

మరి 2003 యుద్ధం ఎందుకు జరిగింది? పత్రాలు, సాక్ష్యాలు చూపించేది దోపిడీ పథకాన్ని కాదు, అధికార గర్వాన్ని, భయాన్ని. గల్ఫ్‌ను మరే శక్తీ గుప్పిట్లో పెట్టుకోకూడదని 1980 జనవరిలో అధ్యక్షుడు కార్టర్ ప్రకటించినప్పటి నుంచి ఆ ప్రాంతాన్ని కాపలా కాయడం తన పనేనని అమెరికా అనుకుంటోంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఆ ఆలోచనకు పగ తోడైంది. ఒక ప్రభుత్వాన్ని కూల్చి మొత్తం ప్రాంతాన్నే తిరగరాయవచ్చన్న నమ్మకం అప్పటి అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ చుట్టూ ఉన్నవాళ్లలో బలంగా ఉండేది. ఇందులో చమురు ఉంది, కానీ సంపాదించే సరుకుగా లేదు. ఎవరి చేతిలో ఉండకూడదో తాము నిర్ణయించాలన్న పెత్తనం రూపంలో ఉంది. చమురు కోసం యుద్ధం యాంత్రికంగా జరిగిపోయేదే అయితే 2019 సెప్టెంబరు 14న జరగాల్సింది. ఆ రోజు సౌదీలోని అబ్‌కైక్ కేంద్రం మీద దాడితో రోజుకు 57 లక్షల బ్యారెళ్ల సరఫరా ఆగిపోయింది. అది ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు 5 శాతం. దాడి ఇరాన్ పనేనని అమెరికా ఆరోపించింది, కానీ యుద్ధానికి దిగలేదు. దిగాలా వద్దా అన్నది అధికారంలో ఉన్న మనుషుల నిర్ణయం.

ఇక్కడే ఈ వాడుక వాదన చేసే హాని తెలుస్తుంది. చమురు కోసమే అన్నప్పుడు యుద్ధం చేసినవాళ్లు దుర్మార్గులైనా తెలివైనవాళ్లుగా కనిపిస్తారు. ఎంత నెత్తురు పారినా ఎవరికో ఏదో గిట్టిందన్న అభిప్రాయం మిగిలిపోతుంది. ఇదే ముదిరి, ఖర్చు పెట్టాం కాబట్టి చమురు తీసుకోవాల్సిందని డొనాల్డ్ ట్రంప్ ఎన్నోసార్లు బాహాటంగా అన్నారు. యుద్ధ వ్యతిరేకులకూ ట్రంప్‌కూ ఈ ఒక్క విషయంలో నమ్మకం ఒకటే: యుద్ధంతో చమురు దక్కుతుందని. ఆ నమ్మకం ఉన్నంతకాలం తర్వాతి యుద్ధాన్ని గిట్టుబాటు బేరంగా అమ్మడం సులువు.

గిట్టింది ఎవరికైనా ఉంటే, అది యుద్ధ ఖర్చులోంచే తిన్నవాళ్లకు. హాలిబర్టన్ అనుబంధ సంస్థ కేబీఆర్‌కు సైన్యానికి అన్నం వండటం నుంచి ఇంధనం మోయడం దాకా వేల కోట్ల డాలర్ల కాంట్రాక్టులు వచ్చాయి. అంత చమురున్న ఇరాక్‌కు కువైట్ నుంచి పెట్రోలు లారీల్లో తెప్పించి, దానికి 6 కోట్ల డాలర్లకు పైగా ఎక్కువ వసూలు చేసినట్టుందని పెంటగాన్ ఆడిటర్లే 2003 డిసెంబరులో ఎత్తిచూపారు. ఈ సొమ్ము అమెరికా పన్ను చెల్లింపుదారులదీ ఇరాక్ ప్రజలదీ.

నష్టం పడినవాళ్ల పట్టిక మాత్రం పొడవైనది. నమోదైన లెక్కల ప్రకారమే సుమారు 2 లక్షల మంది ఇరాకీ పౌరులు హింసలో చనిపోయారు. 40 లక్షల మందికి పైగా ఇళ్లు వదిలారు. దాదాపు 4,500 మంది అమెరికా సైనికులు ప్రాణాలు కోల్పోయారు. బస్రా చుట్టూ దేశానికి తిండి పెట్టే క్షేత్రాలున్నాయి. అక్కడ చమురుతో పాటు వచ్చే గ్యాస్‌ను పట్టుకునే ఏర్పాట్లు చాలక ఏళ్లుగా రాత్రింబవళ్లు మండించేస్తున్నారు. కరెంటు కేంద్రాలకు మాత్రం ఇరాన్ నుంచి గ్యాస్ కొన్నారు. వేసవిలో వేడి 50 డిగ్రీలు తాకే ఆ ఊళ్లో కరెంటు సరిగా ఉండదు. 2018లో షత్ అల్ అరబ్ నది నీళ్లు ఉప్పుతో, మురుగుతో కలుషితమై, ఆ నీళ్లు తాగి కనీసం 1,18,000 మంది ఆస్పత్రుల పాలయ్యారు.

మన ఇళ్లకూ ఈ ఖర్చు వచ్చింది. 1990లో కువైట్ ఆక్రమణతో 1.7 లక్షల మందికి పైగా భారతీయులు అమ్మాన్ మీదుగా, ఎక్కువమంది ఎయిరిండియా విమానాల్లో, ఇంటిదారి పట్టారు. వాళ్లలో కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు ఎందరో. చాలామంది ఏళ్ల సంపాదన అక్కడే వదిలి కట్టుబట్టలతో దిగారు. జులైలో 20 డాలర్ల లోపున్న బ్యారెల్ అక్టోబరుకు 40 దాటింది. గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ము తగ్గింది. అప్పటికే లోటుతో నడుస్తున్న దేశ ఖజానా ఆ దెబ్బకు ఇంకా కుంగింది. 1991 జులైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం 40 కోట్ల డాలర్ల అప్పు కోసం రిజర్వు బ్యాంకు బంగారం దాదాపు 47 టన్నులు విదేశాల్లో తాకట్టు పెట్టింది. సద్దాం లెక్కల్లో గానీ అప్పటి అమెరికా అధ్యక్షుడు సీనియర్ బుష్ లెక్కల్లో గానీ ఈ పద్దు ఎక్కడా లేదు.

అందుకే అడగాల్సింది చమురును కాదు, మనుషుల్ని. 2002 అక్టోబరులో యుద్ధానికి అధికారమిస్తూ అమెరికా ప్రతినిధుల సభలో 296 మంది, సెనేట్‌లో 77 మంది ఓటేశారు. వాళ్ల పేర్లు రికార్డుల్లో ఉన్నాయి. బ్రిటన్‌లో చిల్కాట్ విచారణ సంఘం 2016 జులైలో ఇచ్చిన నివేదిక, శాంతియుత మార్గాలు ఇంకా మిగిలి ఉండగానే యుద్ధానికి దిగారని తేల్చింది. ఏం జరిగినా మీ వెంటే ఉంటానని దండయాత్రకు ఎనిమిది నెలల ముందే అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ బుష్‌కు రాసిన లేఖను బయటపెట్టింది. అమెరికాలో యుద్ధ నిర్ణయం మొత్తాన్ని ఆరా తీసిన అలాంటి విచారణ జరగలేదు. ఖర్చు 10,000 నుంచి 20,000 కోట్ల డాలర్లు కావచ్చని 2002 సెప్టెంబరులో చెప్పిన అధ్యక్షుడి ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సేను డిసెంబరులో సాగనంపారు. ఇరాక్ తన చమురు డబ్బుతో తన పునర్నిర్మాణం తానే చేసుకోగలదని, అదీ త్వరలోనేనని 2003 మార్చిలో కాంగ్రెస్ కమిటీ ముందు చెప్పిన రక్షణ శాఖ ఉపమంత్రి పాల్ వోల్ఫోవిట్జ్ 2005లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడయ్యారు.